అవ్వ, నేను, కరెంటు సదువు

పోయిన నెల కరీంనగర్‌ల ఒక ఇంజనీరింగ్ కాలేజోళ్లు నన్ను పిలిచిన్రు. కొత్త ల్యాబ్ షురూ చేస్తున్నరట, రిబ్బన్ కత్తిరించాలె, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలె. నౌకరిల రిటైరయి దిగిపోయినోళ్లకు గిసోంటి పిలుపులే దిక్కు గదా, మంచి చీర కట్టుకోని పోయిన. పోయి చూస్తే ల్యాబ్ అంటే ల్యాబే లేదు. చల్లటి ఏసీ రూము, వరుసగ కంప్యూటర్లు, గోడకు ఒక పెద్ద తెర. ఒక పిల్ల వచ్చి నాకు చూపెట్టింది. తెర మీద జనరేటర్ బొమ్మ, పక్కన బల్బుల బొమ్మలు. ఆమె వేలితోని ఒక్క బటన్ నొక్కంగనే బల్బులు ఆరినయి, కింద ఆకుపచ్చ అక్షరాలు పడ్డయి. “అయిపోయింది మేడం, కలిసిపోయింది,” అన్నది నవ్వుకుంట. అయిపోయిందట! నాకు అరచేతులు చెమట పట్టినయి. ఏసీల కూసోని చెమటలేందని ప్రిన్సిపల్ సారు పరేషానయి నీళ్ల బాటిల్ అందిచ్చిండు.

వెనుక తలుపు తీసి ఉంటే అటు తొంగి చూసిన. పాత ల్యాబ్ మిషన్లను లారీకి ఎక్కిస్తున్నరు. మోటర్లు, జనరేటర్లు, పింగాణీ పిడి ఉన్న పెద్ద పెద్ద స్విచ్‌లు, అన్నీ పాత ఇనుము కింద పోతున్నయి. వార్నిష్, గ్రీజు, ముసలి రబ్బరు, ఈ మూడు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. “మేడం, అటు దుమ్మున్నది, రాండి చాయ్ తాగుదాం,” అని ప్రిన్సిపల్ సారు పిలుస్తుండు. “దుమ్ము నాకు కొత్తనా సారూ, మీరు తాగుండ్రి,” అని నేను ఆన్నే నిలవడ్డ. ఆ దినం నేనేం మాట్లాడిన్నో, పిల్లలకు ఏం సమజయిందో దేవునికెరుక. ఇంటికొచ్చి తానం చేసినంక గూడ ఆ వాసన పోలే. నా సదువు, కరెంటంటె నాకున్న బుగులు, నన్ను కన్న మా అవ్వ, అన్నీ ఆ వాసనల్నే ఉన్నయి. గందుకే రాస్తున్న.

మాది హుస్నాబాద్ దిక్కు ఒక చిన్న ఊరు. ఇంట్ల బాపు, అవ్వ, నేను. బాపుకు ఒక్కడే తమ్ముడుండె, మా కాక రాజేశం. అవ్వ కాపురానికొచ్చేటాల్లకు కాక ఇంక లాగు జారిపోయే పిల్లగాడట. తల్లి లేదు. అవ్వనే తానం పోసింది, అవ్వనే బువ్వ తినిపిచ్చింది. నేను పుట్టినంక గూడ అవ్వకు పెద్ద బిడ్డ కాకనే. జొన్నరొట్టె కాలుతుంటె మొదటి రొట్టె ఆయనదే, నేను ఎంత ఏడ్చినా రెండోదే నాకు. నాకు ఇప్పటికీ ఆ సంగతి మీద కోపమే, ఏం జేస్తం.

కాక పోయిన తీరు మా దిక్కు ఏ ఊరోళ్లకు చెప్పినా తలకాయ ఊపుతరు, కొత్త ముచ్చట గాదు. ట్రాన్స్‌ఫారం మీద ఫీజు పోతే ఎవ్వల కోసం చూసేటోళ్లు గాదు గప్పుడు, మడి ఎండుతుంటె ఎవ్వలాగుతరు? కింద ఉన్న పెద్ద స్విచ్ గుంజి, ఎవ్వలకు వాళ్లే ఫీజు తీగ చుట్టుకునుడు. ఊరంత గట్లనే చేస్తరు, కాక గూడ గట్లనే చేసిండు. స్విచ్ గుంజిండు. పైన కరెంటు తీగలను కలిపే మూడు కత్తులల్ల రెండే ఊడినయి, ఒకటి తుప్పు పట్టి అట్లనే అంటుకోని ఉన్నది. తల ఎత్తి చూడలే. పట్టపగలు, మంచి ఎండ. సద్ది పట్టుకోని చేనుకు పోయిన మా అవ్వనే అందరికంటె ముందుగాల చూసింది. ఏం చూసిందో ఎన్నడూ చెప్పలే, మేము గూడ అడగలే.

అప్పటికెల్లి మా ఇంట్ల కరెంటుకు అవ్వ పెట్టిన రూలే రూలు. స్విచ్‌బోర్డు పక్కన మొలకు ఎండిన కందికట్టె ఒకటి ఏలాడుతుండె. బల్బు వెయ్యాలంటె ఆ కట్టెతోనే వెయ్యాలె. కాళ్లకు చెప్పులుండాలె, ఎడమ చెయ్యి వెనుకకు పెట్టుకోవాలె, చేతులు తడిగుంటె ఆ అర్రలకే రావద్దు. పొద్దుగూకంగనే బాపు కట్టె తీస్తడు, అవ్వ దర్వాజ కాడ నిలవడి “చెప్పులేసుకున్నవా?” అని దినాం అడుగుతది. వానొస్తే తీగ ఉన్న గోడకు దూరంగ మమ్ములను జరిపి కూసోవెడ్తది. రేడియో సెల్లుల మీదనే. ఇస్త్రి బొగ్గులతోనే. ఇంట్ల బల్బు ఉండంగ కందీలు కింద కూసోని సదివిన పిల్లను నేను. కిరసనాయిల్ మసి ముక్కులల్ల పొయ్యి పొద్దుగాల నల్లగ చీదుకునేదాన్ని. బాయి కాడ మోటరు రూము ఉంటది గదా, ఆ రూము దిక్కు అవ్వ అడుగే పెట్టలే. సద్ది తెచ్చి ఒడ్డు మీద పెట్టి, బాపును కేకేసి, ఇంటికి మర్రిపోతుండె.

అసోంటి ఇంట్లకెల్లి నేను కరెంటు సదువుకు పోయిన. పోదామని పోలే. పరీక్ష రాస్తే నాకొచ్చిన ర్యాంకుకు యూనివర్సిటీల ఎలక్ట్రికల్ ఒక్కటే దొరికింది. ఆ దినం అవ్వ వాకిట్ల కూసోని చేటల బియ్యం చెరుగుతున్నది.

“ఏం సదువే గది?” అన్నది.

“ఎలక్ట్రికల్ అవ్వా.”

“అంటే?”

బాపు నా దిక్కు చూసిండు, నేను నేల దిక్కు చూసిన. “కరెంటు సదువు,” అన్న.

చెరుగుడు ఆగిపోయింది. “ఇంక వేరే సదువే లేదా దునియల? ఈ ఇంటికి కరెంటు చేసింది సాలలేదా?” అని చేట పక్కకు విసిరి కొట్టింది. బియ్యం వాకిలంత పడ్డయి. బాపు నెత్తి గోక్కుంట, “అరే, నువ్వు ఊకె ఫికర్ చేస్తవు. ఇంజనీర్లు తీగ ముట్టరే. ఫ్యాను కింద కుర్సీల కూసోని కాయితాల మీద సంతకాలు పెడ్తరు. ముట్టేటోళ్లు వేరే ఉంటరు,” అన్నడు. బాపుకు ఏం తెల్వది, అవ్వను సముదాయించెటందుకు నోటికొచ్చింది చెప్పిండు. అవ్వ బియ్యం ఏరుకుంట ఏరుకుంట, “సంతకాలే గదా?” అని మల్ల అడిగింది. “సంతకాలే,” అన్నడు బాపు. గా మాట మీద నేను బస్సెక్కిన.

మా క్లాసుల ఆడపిల్లలం ఇద్దరమే. నేను, రూతు. రూతుది ఆసిఫాబాద్. వాళ్ల బాపు బడిపంతులు, ఇంటిల్లిపాది ఆదివారం మెథడిస్టు చర్చికి పోయేటోళ్లు. తల్లిని ‘ఆయి’ అంటది, మా మాటకు నవ్వుతది, తన మాటకు మేము నవ్వితే ఎదురు తిడ్తది. హాస్టల్ల ఇద్దరిదీ ఒక్కటే అర్ర. నేను ప్లగ్గుల ఏదన్న పెట్టాలంటె దాన్నే పిలిచేదాన్ని. “ఓ కరెంటు ఇంజనీరమ్మా, నీకు బల్బు నేను వెయ్యాల్నా?” అని ఎక్కిరించేది, గని వేసేది.

మిషన్ల ల్యాబ్‌ల ఒక వాడుక ఉండె. ఎవ్వలు పెట్టిన్రో తెల్వది, రూలు పుస్తకంల లేదు. మొగపిల్లలు తీగలు బిగిస్తరు, స్విచ్‌లు వేస్తరు. ఆడపిల్లలు మీటర్ల ముందట నిలవడి రీడింగులు రాస్తరు. “నీ రాత మంచిగుంటది, నువ్వు రాయి” అని చెప్పి ఒక మూలకు నిలవెడ్తరు. రూతు కయ్యం పెట్టుకోని మరీ తీగలు గుంజుకునేది. నేను మాత్రం లోపట లోపట సంతోషపడ్డ. నాకు గిదే కావాలె గదా! సంవత్సరమంత మిషన్ల నడుమ తిరిగిన, ఒక్క స్విచ్ ముట్టలే. పుస్తకం మొత్తం నోటికొచ్చు. కనెక్షన్ బొమ్మ కండ్లు మూసుకోని గీస్త. పరీక్షల ఎవ్వలది వాళ్లే, ఒంటిగ చెయ్యాలె అన్న సంగతి తెలిసి గూడ దాన్ని తలుచుకోకుంట ఎల్లదీసిన.

పరీక్షల నాకు జనరేటర్ కలిపే ప్రయోగం వచ్చింది. సదువుకోనోళ్లకు సమజయ్యేతట్టు చెప్త. మనం ల్యాబ్‌ల ఒక జనరేటర్ తిప్పుతం, దాంట్లకెల్లి కరెంటు వస్తది. బయటికెల్లి ఊరి కరెంటు గూడ వస్తది. ఈ రెండిటిని కలపాలె. రెండూ ఒక్క తీరుగ, ఒక్క ఊపుతోని నడుస్తున్నప్పుడే కలపాలె, లేకుంటె మిషన్ పలిగిపోతది. ఎప్పుడు కలపాల్నో చెప్పెటందుకు స్విచ్ మీద బల్బులుంటయి. రెండిటికి పొసగకుంటె బల్బులు వెలుగుకుంట ఆరుకుంట ఉంటయి. రెండూ దగ్గరికొచ్చినకొద్ది ఆ వెలుగుడు ఆరుడు నిమ్మలమైతది. పూర్తిగ ఆరిన ఘడియ పట్టుకోని స్విచ్ వెయ్యాలె. ఎన్కట ఒక సీనియర్ బల్బులు వెలుగుతుండంగనే స్విచ్ వేసిండట, మిషన్ ఇరుసు ఇరిగి కిటికీ చువ్వలల్లకెల్లి బయట పడ్డదట. నిజమో అబద్ధమో, మాకు ఆ కిటికీ చూపెట్టెటోళ్లు.

తీగలన్నీ మంచిగనే బిగిచ్చిన. జనరేటర్ తిప్పిన. బల్బులు నిమ్మలంగ వెలుగుతున్నయి, ఆరుతున్నయి. బయటికెల్లి వచ్చిన ఎగ్జామినర్ సారు చేతులు కట్టుకోని నిలవడ్డడు. “వెయ్యమ్మా,” అన్నడు. బల్బులారినయి. నా చెయ్యి పింగాణీ పిడి దాక పోయింది, ఆగింది. బల్బులు వెలిగినయి. మల్ల ఆరినయి. “ఊఁ, ఇప్పుడు,” అన్నడు. నాకు పిడి కనవడలే. ట్రాన్స్‌ఫారం కనవడ్డది. కాక కనవడ్డడు. వెలుగుతున్నయి, ఆరుతున్నయి, నా చెయ్యి గాలిలనే ఉన్నది. పక్క టేబుళ్లోళ్లు పని ఆపి నన్నే చూస్తున్నరు. ఎవ్వడో కిసుక్కున నవ్విండు. నేను చెయ్యి వెనుకకు గుంజుకోని ఏడ్సుకుంట బయటికి ఉరికిన. మా కాలేజి సారు బయటికొచ్చి, “కనెక్షన్లు మంచిగనే ఇచ్చినవు బిడ్డా. గని స్విచ్ వెయ్యని ఇంజనీరుకు పాస్ ఎట్లేస్తరు?” అన్నడు. ఆయన మాటల తప్పు లేదు. సిగ్గుతోని సచ్చిపోదామనిపిచ్చింది. ఇంకొక్క మోక ఉన్నది, మల్ల పరీక్ష పెడ్తరు, అండ్ల గూడ పోతే పై క్లాసుకు పంపరు.

సెలవులకు రూతు నాతోని మా ఊరొచ్చింది, రెండు దినాలుండి ఆసిఫాబాద్ పోదామని. పరీక్ష కష్టమొచ్చింది, పోయింది అని మాత్రమే నేను ఇంట్ల చెప్పిన. బువ్వ తినేటప్పుడు అవ్వ రూతును అడిగింది, “గంత సదివే పిల్ల, ఏం కష్టమొచ్చిందే బిడ్డా?” అని. రూతుకు కడుపుల మాట దాగదు. “కష్టం గాదవ్వా. బుగులుపడ్డది. స్విచ్ మీద చెయ్యి పెట్టలే. అన్ని వచ్చు దీనికి, చెయ్యే రాదు,” అన్నది. నేను దాని తొడ మీద గిల్లిన. అప్పటికే అయిపోయింది.

అవ్వ బాపు దిక్కు తిరిగింది. “సంతకాలంటివి?”

బాపు మింగుతున్న బుక్క గొంతుల పడ్డది. నీళ్లు తాగిండు. “పరీక్షకు ఒక్కసారి ముట్టాలెనేమో. ఒక్కసారే గదా,” అన్నడు. ఇగ నా దిక్కు చూసి, “సూడు బిడ్డా, రెండోసారి గూడ గిట్లనే అయితే ఇంటికొచ్చెయ్యి. పానం కంటె సదువు ఎక్కువ గాదు. ఇంక ఏదన్న సదువుకుందువు,” అన్నడు. ప్రేమతోనే అన్నడు. గని ఆ మాట వినంగనే నాకు ఎట్లనో అయింది. నాకు ఆ సదువు కావాలె! ఇష్టం లేకుంట పోయిన సదువు, ఎప్పుడు నాదైందో నాకే తెల్వది. పుస్తకంల ఒక్కొక్క లెక్క తేలినప్పుడు నాకు దొరికిన సంబురం ఇంక దేంట్ల దొరకలే. దాన్ని ఇడిసిపెట్టి రావుడంటె నా చేతులు నేనే నరుక్కున్నట్టు. అవ్వ కంచంల బువ్వ మాత్రం అట్లనే ఉండె.

రూతు పోయిన తెల్లారి, పగటీలి బువ్వ తిన్నంక, మోటర్లకు కరెంటు ఇచ్చే యాల్లకు అవ్వ చేతులు చీర కొంగుకు తుడుసుకోని, “లే, బాయి కాడికి పోదాం పా,” అన్నది. బట్టలు ఉతుకెటందుకని అనుకున్న. చేతుల బట్టల్లెవ్వు. ఒడ్డు మీద ఆగలే. నేరుగ మోటరు రూము కాడికి పోయింది. “అవ్వా, వద్దే,” అన్న. “నువ్వు దూరం నిలవడు,” అన్నది. కట్టె తేలే. లోపట నూనె వాసన, తడి మట్టి వాసన, బల్లులు. స్టార్టర్ డబ్బా మీద ఆకుపచ్చ బటన్. అవ్వ ఎడమ చెయ్యి వెనుకకు పెట్టుకున్నది. కుడి చెయ్యి వణుకుతున్నది, గాజులు గలగలమంటున్నయి. కండ్లు మూసుకున్నది. “రాజేశం,” అని మెల్లగ అన్నది, అని నొక్కింది.

మోటరు గుర్రుమన్నది. బయట పైపుల నుంచి నీళ్లు దభదభ దుంకినయి. అవ్వ రూముల నుంచి బయటికొచ్చింది, వచ్చి కాలువల కూలవడ్డది. చీర తడుస్తున్నా సోయి లేదు. నెత్తి కొట్టుకోని ఏడ్సింది. కాక పోయిన దినం గూడ గంత గట్టిగ ఏడ్వలేదని బాపు తర్వాత చెప్పిండు. బాపు మోటరు చప్పుడు విని, తాను లేకుంట మోటరు ఎవ్వలు వేసిన్రని పార పట్టుకోని ఉరికొచ్చిండు. కాలువల ఉన్న అవ్వను చూసి ఆన్నే నిలవడిపోయిండు. అవ్వ ముక్కు చీది, నా దిక్కు చూసి, “నీ సదువు పాడుగాను! ముసలిదాన్ని అయ్యేటాల్లకు నాతోని ఏం పని చేపిచ్చినవే! ఇగ పో, పొయ్యి బందు చేసి మల్ల వెయ్యి. నేను చూస్త,” అన్నది. నేను పోయిన. బందు చేసిన. మల్ల వేసిన. ఆ దినం నా చెయ్యి వెనుకకు పోలేదు.

సెలవులన్ని దినాలు గదే పని. మోటరు కరెంటు రాంగనే ఇద్దరం పోయేటోళ్లం. నేను వేసేదాన్ని, బందు చేసేదాన్ని. అవ్వ గడప కాడ కూసోని, చేతులు చెవులకు అడ్డం పెట్టుకోని, ఒక్కొక్కసారికి “ఊఁ” అనేది. బాపు మోటరు ఖరాబయితదని మొత్తుకున్నా వినలే. అసలు మోటరు వేసుడు ఏంది, ల్యాబ్‌ల జనరేటర్ కలుపుడు ఏంది, రెండిటికీ ఎక్కడి పోలిక? ఆ సంగతి నాకు తెలుసు. అవ్వకు చెప్పలే. నాకు కావల్సింది చేతికి ధైర్యం గాదా. పరీక్ష దినం దగ్గర పడంగనే, “నేను గూడ వస్త,” అన్నది. “నువ్వొచ్చి ఏం చేస్తవే?” “కూసుంట.” తొవ్వ పొడుగూత బస్సుల నా చెయ్యి ఇడవలే. “ఒక్కసారే గదా బిడ్డా? ఒక్కసారి పండ్లు బిగవట్టు, ఇగ అయిపోతది,” అని నాకు చెప్పుకుంట తనకు తాను చెప్పుకున్నది.

ల్యాబ్ కిటికీ కింద బయట ఒక అరుగు ఉండె. అవ్వ సద్దిమూట ఒళ్లె పెట్టుకోని ఆ అరుగు మీద కూసున్నది. లోపటికెల్లి నాకు నెరిసిన నెత్తి మాత్రం కనవడ్డది. మా సారు నన్ను చూసి, “పోయినసారి ఎక్కడ ఆగినవో ఆన్నుంచే షురూ చెయ్యి,” అని అదే మిషన్ చూపెట్టిండు. వేరే ఎగ్జామినర్, పెద్దాయన, తక్కువ మాట్లాడేటాయన. నా వంతు వచ్చేటాల్లకు పగటి బువ్వ యాల్ల దాటింది. తీగలు బిగిచ్చిన. పుస్తకంల రాసిన స్పీడు మీద జనరేటర్‌ను నిలవెట్టిన, మీటరు చూసుకున్న, అంతా బరాబర్. బల్బులు వేసిన. పోయినసారి నిమ్మలంగ వెలుగుతుండె గదా, ఈసారి కండ్లు కొట్టుకున్నట్టు గబగబ కొట్టుకుంటున్నయి. ఆరిన ఘడియ అన్నదే లేదు.

ఎక్కడ తప్పయింది? తీగలు మల్ల చూసిన, బరాబరే ఉన్నయి. స్పీడు బరాబరే ఉన్నది. పెద్దాయన గడియారం చూసుకున్నడు. అప్పుడు యాదికొచ్చింది. పొద్దు తిరిగింది. ఇప్పుడు మా దిక్కు మోటర్లకు కరెంటు ఇచ్చే యాల్ల. హుస్నాబాద్ దిక్కు, కరీంనగర్ దిక్కు, ప్రతి బాయి మీద మోటరు నడుస్తుంటది. అన్ని మోటర్లు ఒక్కపారే గుంజితే ఊరి కరెంటే నడక తగ్గిస్తది. నేను పుస్తకంల స్పీడు మీద ఉన్న, బయటి కరెంటు మాత్రం బరువెత్తుకోని నడుస్తున్నది. తప్పు నాది గాదు, తీగలది గాదు. నేనే దాని నడకకు దిగాలె. జనరేటర్ స్పీడు జర జర తగ్గిచ్చుకుంట పోయిన. బల్బులు నిమ్మలమైనయి. ఇంక నిమ్మలమైనయి. వెలిగి, ఆగి, మెల్లగ ఆరినయి.

ఆరినయి. చెయ్యి పిడి మీద ఉన్నది. వెయ్యలే. వెలిగినయి. పెద్దాయన దగ్గిండు. మల్ల ఆరినయి, నా చెయ్యి మొద్దువారింది. మల్ల కాక కనవడ్డడు. మల్ల వెలిగినయి. ఎనుకటి లెక్కనే పక్కోళ్లు చూస్తున్నరు. కిటికీల నెరిసిన నెత్తి కనవడుతున్నది, కదుల్తలేదు. గప్పుడు నాకు కోపమొచ్చింది. గా బుగులు మీద కోపం, కాక మీద కోపం, తల ఎత్తి ఎందుకు చూడలే నువ్వు అని కోపం. ఇయ్యాల నేను వెయ్యకుంటె అవ్వ ఏడుపు, అవ్వ కాలువల కూలవడ్డది, అంతా ఉత్తదే అయితది గదా! బల్బులు మూడోసారి మెల్లగ ఆరినయి. వేసిన.

ఏం చప్పుడు కాలే. అప్పటిదాక రెండు తీర్లుగ నడిచిన మిషన్, ఒక్క తీరుగ గుమ్మని నిలవడ్డది. బల్బులు మల్ల వెలగలే. పెద్దాయన మీటర్లన్నీ చూసి, “స్పీడెందుకు తగ్గిచ్చినవు?” అని అడిగిండు. చెప్పిన. “మీ ఇంట్ల మోటరున్నదా?” అన్నడు. “ఉన్నది సార్.” ఏం రాసిండో గని తల ఊపిండు. మా సారు బయటికి పోయేటప్పుడు మెల్లగ, “పాసైనవు పో,” అన్నడు.

బయటికి రాంగనే అవ్వ లేచింది. నా రెండు చేతులు పట్టుకున్నది. బోర్లేసి చూసింది, ఎల్లకిల చూసింది, ఒక్కొక్క వేలు పట్టి చూసింది. “కాలలే గదా?” అన్నది. “కాలలే.” “పాసైనవా?” “పాసైన.” కొంగుతోని మొఖం తుడుసుకున్నది. బస్సెక్కి కూసున్నంక సద్ది ఇప్పింది. బువ్వల మామిడికాయ తొక్కు కలిపింది, బుక్క చేసి, “ఇగ అయిపోయింది. ఇగ ముట్టే పని లేదు,” అన్నది నిమ్మలంగ.

నేను సంబురంల ఉన్న. నోరు ఊకుంటదా? “అట్లెట్లనే అవ్వా? ఇగనే షురూ. పాసైతే గిదే నౌకరి. దినాం కరెంటు కాడనే ఉండాలె,” అన్న.

బుక్క నోటి దాక వచ్చి ఆగింది. “సంతకాలన్నడు మీ బాపు.”

“సంతకాలు గూడ పెడ్తరు.”

“దినామా?”

“దినాం.”

“మరి పాసెందుకైనవే!” అని గట్టిగ అరిచింది, బస్సంత వెనుకకు తిరిగి చూసింది. నా ఈపు మీద ఒక్కటి సరిచింది. ఏడ్సింది. ఏడ్సుకుంటనే చేతుల ఉన్న బుక్క నా నోట్ల పెట్టింది.

అట్ల పాసైన నేను మంచిర్యాలల చేసిన, ఆసిఫాబాద్‌ల చేసిన, తిరిగి తిరిగి కరీంనగర్ వచ్చిన. వానల, ఎండల, సబ్‌స్టేషన్లల్ల, తీగల కింద. ఇంటికి ఫోన్ వచ్చినప్పటికెల్లి అవ్వ పొద్దుగూకినంక దినాం ఫోన్ చేసేది. తిన్నవా అనేది గాదు, ప్రమోషన్ వచ్చిందా అనేది గాదు. “చేతులు మంచిగున్నయా?” అనేది. మంచిగున్నయంటె పెట్టేసేది. ఆఫీసుల అందరు నవ్వేటోళ్లు, నేను గూడ నవ్వేదాన్ని, ఒక్కోసారి కోపం గూడ చేసేదాన్ని. గిప్పటి పిల్లలు తెర మీద బటన్ నొక్కి జనరేటర్లు కలుపుతున్నరు, ఒక్కని చెయ్యి గూడ వణుకుతలేదు. మంచిదే, ఎవ్వలకూ మాలెక్క బుగులు వద్దు. గని ల్యాబ్ కిటికీ కింద కూసోని, లోపటి చప్పుడుకు చెవులు రిక్కిచ్చే మనిషి గూడ ఇగ ఎవ్వలకూ ఉండదు. ఏది మేలో నాకు తెల్వది.

నౌకరి నుంచి దిగిన దినం, మెడల దండలు అట్లనే ఉండంగ, నేరుగ అవ్వ కాడికి పోయిన. అప్పటికి బాపు పోయి శాన ఏండ్లాయె. అవ్వకు సూపు సరిగ లేదు, మంచం మీద గోడకు ఒరిగి కూసున్నది. “అయిపోయిందే అవ్వా. ఇగ నేను కరెంటు ముట్టేది లేదు,” అన్న. “నిజంగనా?” “నిజంగ.” చేతులు చాపుమన్నది. చాపిన. తడుముకుంట తడుముకుంట వేళ్లన్నీ పట్టి చూసింది. అన్నీ ఉన్నయని నమ్మకమైనంక నా చేతులు తన ఒళ్లె పెట్టుకున్నది.

“ఇయ్యాల పాసైనవు బిడ్డా,” అన్నది.